గ్రంథాలయములోని పాత కంప్యూటరు: తేలికపాటి లినక్సులో దోషమును కనుగొను క్రమము
(శ్రీరాంపూర్ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



25 సంవత్సరములు నిండిన గ్రంథాలయమునకు రెండు విధములైన ఆస్తి యుండును. మొదటిది బీరువాలలోని పుస్తకములు. రెండవది ఆ పుస్తకములకు అలవాటుపడిన పాఠకులు. ఈ కాలమున మూడవది యొకటి వచ్చి చేరినది. అది మూలనున్న కంప్యూటరు. బొగ్గుగనుల ఊరైన శ్రీరాంపూరువంటి చోట దానికొరకు వచ్చువారు తక్కువ కారు. ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు పంపవలసిన యువకుడు, హాల్‌టికెట్టు అచ్చు తీసికొనవలసిన విద్యార్థిని, పింఛను కాగితము చూచుకొనవలసిన విశ్రాంత కార్మికుడు, వీరందరకును అది అక్కరకు వచ్చును. ఇంట కంప్యూటరు లేనివానికి గ్రంథాలయమే ఆధారము.

అట్టి యంత్రము ఒకనాడు మేల్కొనదు. నల్లని తెర మాత్రము కనబడును. ఎవరో ఒకరు దానిపై "పాడైనది" అని కాగితము అంటించి గుడ్డ కప్పుదురు. మంచిర్యాలనుండి మరమ్మతు చేయువాడు వచ్చువరకు అది అట్లే యుండును; ఆయన వచ్చి "ఇది పాతది, కొత్తది కొనుడు" అనిన, కథ ముగియును. కాని "పాడైనది" అను మాటకు అనేక పర్యాయములు అర్థము వేరు: "ఎచ్చట నిలిచినదో ఎవరును చూడలేదు" అనుటయే దాని భావము. చూచుటకొక క్రమము కలదు. ఆ క్రమమును సాధారణ పాఠకుడు సైతము నేర్వవచ్చును. నేటి ఉపన్యాస విషయము అదియే.

పాత యంత్రముల ప్రశ్న

ఈ ప్రశ్న నేడు మరింత తీవ్రమైనది. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10నకు తన సాధారణ సహాయమును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించినది. దాని తరువాతిదైన విండోస్ 11నకు 64 బిట్ల ప్రాసెసరు, కనీసము 4 గిగాబైట్ల మెమరీ, టీపీఎం 2.0 అను రక్షణ భాగము ఉండవలెనని నియమము. ఈ నియమమునకు సరిపడని యంత్రములు దేశమంతట పాఠశాలలలోను, గ్రంథాలయములలోను మిగిలిపోయినవి. వాని కీళ్ళు బాగుగనే యున్నవి. వానిని నడపు వ్యవస్థయే వానిని వదలిపోయినది.

ఇట్టి యంత్రములకు ఉపయోగపడునది లినక్సు. ఫిన్లండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీని మూలభాగమైన కెర్నెల్‌ను వెలువరించెను. దానిని ఎవరైనను చూడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. తెలుగు నాటను 2005లో "స్వేచ్ఛ" అను పేర తెలుగు నిర్వాహక వ్యవస్థ వెలువడినది. లినక్సుకు రూపములు అనేకము. వానిలో కొన్ని మిక్కిలి చిన్నవి. 50 మెగాబైట్లలో ఇమిడిన డామ్ స్మాల్ లినక్సు ఒకప్పుడు ప్రసిద్ధము. దానికొరకు పనిచేసిన రాబర్ట్ షింగిల్‌డెకర్ ఆ పిమ్మట టైనీ కోర్ అను మరింత చిన్న వ్యవస్థను నిర్మించెను. దాని తొలి రూపము 2009 జనవరిలో వెలువడినది. ఆస్ట్రేలియావాసి బారీ కౌలర్ 2003లో ఆరంభించిన పపీ లినక్సు ఈ కోవకే చెందినది.

డెస్క్‌టాపుతో కూడిన టైనీ కోర్ పరిమాణము సుమారు 20 నుండి 25 మెగాబైట్లు. చేతిఫోనుతో తీసిన ఐదారు ఛాయాచిత్రములు ఆక్రమించు చోటు అంతే. 46 మెగాబైట్ల మెమరీ ఉన్నను అది లేచి నిలుచును. 128 మెగాబైట్లున్న మేలని దాని నిర్మాతలు చెప్పుదురు. ఇది కేవలము చిన్నదగుటయే విశేషము కాదు. దాని భాగములు విడివిడిగా కనబడుచుండును. అందుచేత దోషము ఏ భాగమున ఉన్నదో వేరుచేసి చూచుట సులువు.

వ్యవస్థ నిర్మాణము

దోషమును వెదకుటకు ముందు నిర్మాణము తెలియవలెను. టైనీ కోర్ మూడు పొరలుగా నుండును.

మొదటి పొర మూలవ్యవస్థ. కెర్నెల్ ఒక ఫైలు. తక్కినదంతయు అణచి కట్టిన మరియొక ఫైలు. యంత్రము మేల్కొనునపుడు ఈ రెండును డిస్కునుండి గాని, యుఎస్‌బి కడ్డీనుండి గాని మెమరీలోనికి వచ్చును. ఆ తరువాత మూలవ్యవస్థ మెమరీలోనే పనిచేయును. ప్రతిసారి అదే నిర్మలమైన ప్రతి వచ్చును గాన, నిన్న ఎవరేమి చెరిపినను నేడు మూలవ్యవస్థకు చెరుపు లేదు. కరెంటు హఠాత్తుగా పోయినను అది చెడదు.

రెండవ పొర అనుబంధములు. బ్రౌజరు, అచ్చు యంత్రమును నడపు సాధనము, తుదకు తెరపై బొమ్మలను చూపు డెస్క్‌టాపు కూడ అనుబంధములే. ప్రతి అనుబంధము టీసీజెడ్ అను గుర్తుగల ఒక ఫైలు. ఇవన్నియు "ఆప్షనల్" అను సంచిలో నుండును. వీనిలో యంత్రము లేవగానే పనిలోనికి రావలసినవి ఏవో "ఆన్‌బూట్" అను జాబితా చెప్పును. గనుల ఊరివారికి దీనిని ఒక మాటలో చెప్పవచ్చును. ఆప్షనల్ సంచి కాలనీ. ఆన్‌బూట్ జాబితా మస్టరు. కాలనీలో ఎందరున్నను, మస్టరులో పేరు పడినవారే షిఫ్టునకు పోవుదురు. అనుబంధము సంచిలో నుండియు పనిచేయనిచో, మొదట మస్టరు చూడవలెను.

మూడవ పొర భద్రపరచిన ప్రతి. పాఠకుడు చేసికొన్న మార్పులు, వ్రాసికొన్న ఫైళ్ళు మెమరీలో నుండును గనుక, యంత్రము ఆగిన క్షణమున పోవును. వానిని ఒక మూటగా కట్టి డిస్కుపై భద్రపరచవలెను. మరల లేచునపుడు ఆ మూట విప్పబడును.

దోషము ఈ మూడింటిలో ఒకదానియందుండును. లేదా వీని క్రిందనున్న యంత్ర భాగములయందుండును. ఐదవచోటు లేదు.

ఆరంభ సంకేతములు

యంత్రము లేచుటకు ముందు కెర్నెల్‌కు కొన్ని మాటలు చెప్పవచ్చును. వీనిని బూట్ కోడ్‌లందురు. ఆరంభ పట్టిక కనబడినపుడు ట్యాబ్ మీట నొక్కిన, కొన్ని ప్రతులలో ఇ అను అక్షరము నొక్కిన, ఒక వరుస తెరచుకొనును. దాని చివర ఖాళీ విడిచి సంకేతమును టైపు చేయవలెను. ఇచట ఆ పదములు తెలుగు లిపిలో చెప్పబడినను, యంత్రమున ఆంగ్ల లిపిలో, చిన్న అక్షరములతో, పదము నడుమ ఖాళీ లేకుండ వ్రాయవలెను. ఈ విధముగ వ్రాసినది ఆ ఒక్క పర్యాయమునకే చెల్లును. పలకపై వ్రాసినట్లు తుడుచుకొనిపోవును గనుక, పరీక్షించుటకు భయపడనక్కరలేదు. మేలైనదని తేలిన సంకేతమును తరువాత ఆరంభ ఫైలులో శాశ్వతముగ వ్రాసికొనవచ్చును.

దోషాన్వేషణకు ముఖ్యమైనవి రెండు. "బేస్" అనిన అనుబంధములేవియు రావు. "నోరిస్టోర్" అనిన భద్రపరచిన మూట విప్పబడదు. ఈ రెండు పదములను కలిపి వ్రాసి యంత్రమును లేపిన, మొదటి పొర మాత్రమే మిగులును. అపుడు బొమ్మల తెర రాదు. అక్షరముల తెరపై ఆజ్ఞకొరకు ఎదురుచూచు ఒక చిన్న గుర్తు నిలుచును. అనుభవము లేనివారు దీనిని చూచి మరల చెడినదని తలంతురు. నిజమునకు అది శుభవార్త. యంత్రము, మెమరీ, కెర్నెల్, మూలవ్యవస్థ నాలుగును బాగున్నవని దాని అర్థము.

ఆ పిమ్మట "నోరిస్టోర్" ఒక్కటే వ్రాసి లేపవలెను. అపుడు అనుబంధములు వచ్చును, మూట రాదు. అంతయు సవ్యముగ నడచిన, దోషము మూటలో నున్నది. నడవనిచో దోషము అనుబంధములలో నున్నది. రెండు పరీక్షలతో వెదకవలసిన చోటు ఇంతగా తగ్గినది. పపీ లినక్సులోను ఇట్టి మార్గమే కలదు; "పీఫిక్స్=రామ్" అను సంకేతము భద్రపరచిన ప్రతిని ప్రక్కన బెట్టి యంత్రమును లేపును.

శ్రీరాంపూరువాసులకు ఈ పద్ధతి వింత కాదు. భూగర్భ గనిలో కార్మికులు పనిచోటికి పోకమునుపు సర్దారు పోయి గాలి ఆడుచున్నదా, వాయువు చేరినదా, పైకప్పు గట్టిగ నున్నదా అని ఒకదాని తరువాత ఒకటి పరీక్షించి, పుస్తకమున వ్రాసి సంతకము చేయును. ఆయన అన్నింటిని ఒక్కసారి ఊహించి నిర్ణయము చేయడు. కంప్యూటరు విషయమునను ఊహ కంటె వరుస మేలు.

తరచుగ కనబడు దోషములు

యుఎస్‌బి కడ్డీనుండి నడచు యంత్రములలో అన్నిటికంటె సాధారణమైన దోషము ఒకటి. ఒకనాడు డెస్క్‌టాపు వచ్చును, మరునాడు అక్షరముల తెర మాత్రమే వచ్చును. కారణము కాలభేదము. మూలవ్యవస్థ త్వరగా లేచి అనుబంధముల సంచికై వెదకును. ఆ సమయమునకు కడ్డీ ఇంకను సిద్ధము కాదు. సంచి కనబడదు గాన వ్యవస్థ అనుబంధములు లేకుండగనే ముందుకు సాగును. దీనికి "వెయిట్‌యుఎస్‌బి=5" అను సంకేతము చాలును; ఐదు సెకనులు ఆగుమని దాని భావము. మందకొడి కడ్డీకి 10 అని వ్రాయవచ్చును. ఈ ఒక్క పదము తెలియక పారవేసిన కడ్డీలు అనేకముండును.

రెండవది చోటు మారుట. సంచి ఏ డిస్కుపై నున్నదో "టీసీఈ" అను సంకేతము చెప్పును. దానిలో "ఎస్‌డీఏ1" అని వ్రాసియుండగా, ఎవరో మరియొక కడ్డీ తగిలించిన, అదియే "ఎస్‌డీబీ1" కావచ్చును. ఇంటి సంఖ్య మారినపుడు ఉత్తరము చేరదు కదా! ప్రతి డిస్కు భాగమునకును యూయూఐడీ అను మారని గుర్తు కలదు. "బీఎల్‌కేఐడీ" అను ఆజ్ఞ దానిని చూపును. ఎస్‌డీఏ1 అనుటకు బదులుగ ఆ గుర్తును వ్రాసిన చిక్కు తీరును.

మూడవది ఆధార లోపము. ఒక అనుబంధము మరికొన్నింటిపై ఆధారపడియుండును. ఆ ఆధారముల పేర్లు దాని వెంటనుండు డెప్ అను చిన్న ఫైలులో నుండును. నెట్టునుండి "టీసీఈ-లోడ్" ఆజ్ఞతో తెచ్చిన, ఆధారములు కూడ వెంటవచ్చును. ఎవరి కడ్డీనుండియో ఒక్క ఫైలును నకలు చేసికొని వచ్చినచో అవి రావు. బొమ్మపై నొక్కిన ఏమియు జరుగదు. కారణము కూడ కనబడదు. అట్టి సమయమున టెర్మినల్ తెరచి, ఆ సాధనము పేరును అచ్చట టైపు చేయవలెను. అపుడు అది ఏ భాగము లేక నిలిచినదో పేరుతో సహా చెప్పును. మౌనముగ చెడిన యంత్రముచేత మాట్లాడించు ఉపాయమిది.

నాలుగవది జత కుదరకపోవుట. 32 బిట్ల వ్యవస్థకు 64 బిట్ల అనుబంధము పనిచేయదు. నిస్తంత్రీ జాలమునకు కావలసిన వైర్‌లెస్ భాగములు ఒక్కొక్క కెర్నెల్‌కు ప్రత్యేకముగ తయారగును. మూలవ్యవస్థను మార్చి, వానిని మార్చనిచో, నిన్నటివరకు నడచిన వైఫై నేడు నడవదు. కెర్నెల్ సంఖ్యను "యూనేమ్" ఆజ్ఞతో తెలిసికొని దానికి తగిన భాగమును తెచ్చుకొనవలెను.

ఐదవది దిగుమతి నడుమ తెగిన ఫైలు. ప్రతి అనుబంధమునకును ఎండీ5 అను సరిచూచు సంఖ్య యుండును. ఆ సంఖ్య కలియనిచో ఫైలును తీసివేసి మరల తెచ్చుకొనుట తప్ప వేరు వైద్యము లేదు.

దోషి ఏ అనుబంధమో తెలియనపుడు సగము సగముగ వెదకవలెను. జాబితాలో 16 పేర్లున్నవనుకొందము. ఎనిమిదింటితో మరియొక జాబితా వ్రాసి, "ఎల్‌ఎస్‌టీ" అను సంకేతముతో ఆ జాబితాను పిలిచి యంత్రమును లేపవలెను. బాగుగ నడచిన, దోషి తక్కిన ఎనిమిదింటిలో నున్నది. ఇట్లు 8, 4, 2, 1 అని నాలుగు పరీక్షలతో దోషి చిక్కును. ఒక్కొక్కటిగ తీసి చూచిన 15 పరీక్షలు పట్టవచ్చును.

"బేస్, నోరిస్టోర్" వ్రాసినను యంత్రము లేవనిచో, దోషము అడుగుననే యున్నది. తెర నల్లబడి నిలిచిన "నోమోడ్‌సెట్" అను సంకేతమును, విద్యుత్ నిర్వహణ భాగము వద్ద నిలిచిన "ఏసీపీఐ=ఆఫ్" అను సంకేతమును ప్రయత్నింపవచ్చును. కడ్డీని మరియొక యంత్రమున పరీక్షించిన, తప్పు కడ్డీదో యంత్రముదో తేలిపోవును. మెమరీ పలకలను తీసి, శుభ్రపరచి, ఒక్కొక్కటిగ తగిలించి చూచుటయు మంచిదే.

పాత యంత్రమునకు వేరొక చిన్న రోగము కలదు. దాని లోపల సీఆర్ 2032 అను 3 వోల్టుల నాణెమువంటి బ్యాటరీ యుండును. అది అయిపోయిన, యంత్రము తేదీని మరచును. తేదీ ఏండ్ల వెనుకకు పోయిన, దరఖాస్తులు తీసికొను సురక్షిత జాలస్థలములు తెరచుకొనవు. వాని ధ్రువపత్రముల గడువు యంత్రపు తేదీతో సరిపడదు గనుక. నెట్టు చెడినదని తలచి అందరును తీగలను కదలింతురు. తేదీని సరిచేసిన క్షణమున పని జరుగును.

పోయిన శ్రమ

ఇంతవరకు చెప్పినవి యంత్రపు నష్టములు. వీని కంటె బాధాకరమైనది మనుష్యుని శ్రమ పోవుట. గ్రంథాలయములోని పుస్తకముల పట్టికను ఒక యువకుడు సాయంకాలమంతయు టైపు చేసి, యంత్రమును ఆపి ఇంటికి పోయెననుకొందము. మరునాడు అందు ఒక్క పేరును ఉండదు. ఏలనగా అతడు వ్రాసినది మెమరీలో నున్నది, మూట కట్టబడలేదు. టైనీ కోర్‌ను ఆపు సమయమున "బ్యాకప్" అను గడిని గుర్తించుట గాని, "ఫైల్‌టూల్" అను ఆజ్ఞతో ముందుగనే మూట కట్టుట గాని తప్పక చేయవలెను. ఏ సంచులు మూటలోనికి పోవలెనో చెప్పు జాబితా వేరుగ నున్నది. అందు లేని చోట దాచినది మూటలోనికి రాదు. పెద్ద ఫైళ్ళనన్నిటిని మూట కట్టిన యంత్రము లేచుట ఆలస్యమగును. అట్టివానికి "హోమ్" అను సంకేతముతో పాఠకుని సంచిని నేరుగ డిస్కుపైననే యుంచుట మేలు. కరెంటు పోవుట మూలవ్యవస్థకు చెరుపు చేయదు గాని, భద్రపరచని వ్రాతకు చేయును. కావున పట్టిక వ్రాయువాడు గంట గంటకును మూట కట్టుట అలవాటు చేసికొనవలెను.

తెలుగు అక్షరముల మాట కూడ చెప్పవలసియున్నది. ఇంత చిన్న వ్యవస్థలో తెలుగు ఫాంటు ఉండకపోవచ్చును. అపుడు తెలుగు పుటలు ఖాళీ గడులుగ కనబడును. పోతన, లోహిత్ వంటి యూనికోడ్ ఫాంటు ఫైలును పాఠకుని సంచిలోని ఫాంట్స్ చోటున నుంచి, మూట కట్టిన అక్షరములు వచ్చును. అక్షరములు వచ్చియు వత్తులు విడిపోయిన, తప్పు ఫాంటుది కాదు. కొన్ని చిన్న సాధనములకు వత్తులను కూర్చు నేర్పు లేదు. ఆ పుటనే బ్రౌజరులో తెరచిన సరిగ కనబడును.

సాధ్యమును, అసాధ్యమును

తేలికపాటి లినక్సు సర్వరోగ నివారిణి యని చెప్పుట న్యాయము కాదు. వ్యవస్థ తేలికైనంత మాత్రమున నేటి జాలస్థలములు తేలిక కావు. 46 మెగాబైట్లతో మూలవ్యవస్థ లేచును గాని, చిత్రములతో నిండిన ఒక్క పుటను తెరచుటకు బ్రౌజరుకు అనేక రెట్లు మెమరీ కావలెను. పెద్ద బ్రౌజర్లు 32 బిట్ల యంత్రములను క్రమముగ వదలుచున్నవి. కనుక మిక్కిలి పాత యంత్రమును పుస్తకముల పట్టికకు, టైపు నేర్చుకొనుటకు, భద్రపరచిన గ్రంథములను చదువుటకు ఉంచి, 2 లేక 4 గిగాబైట్ల మెమరీగల దానిని దరఖాస్తులకు ఉంచుట వివేకము. నిత్యము అవసరము లేని అనుబంధములను మస్టరునుండి తీసి, పిలిచినపుడు మాత్రము వచ్చునట్లు చేసిన మెమరీ మిగులును.

గ్రంథాలయము చేయదగినవి నాలుగు కలవు. మొదటిది, నడచుచున్న కడ్డీకి ఒక నకలు తీసి బీరువాలో నుంచుట. రెండవది, యంత్రము ప్రక్కన ఒక నోటు పుస్తకము నుంచుట. అందు తేదీ, కనబడిన లక్షణము, వాడిన సంకేతము, వచ్చిన ఫలితము వ్రాయవలెను. తెరపై వచ్చిన మాటను ఉన్నదున్నట్లు వ్రాయవలెను గాని "రాలేదు" అని వ్రాసిన ప్రయోజనము లేదు. మూడవది, ఒక్క పర్యాయమున ఒక్క మార్పే చేయుట. రెండు మార్పులు చేసినవానికి ఏది ఫలించినదో తెలియదు. నాలుగవది, ఈ పనిని ఒక్కనికే వదలక, కనీసము ఇద్దరికి, వారిలో ఒక బాలికకు నేర్పుట. ఒక్కనికే తెలిసిన విద్య అతడు ఉద్యోగమునకై ఊరు విడిచిననాడు అతనితోనే పోవును.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము స్థాపింపబడినది. నాటినుండి తెలంగాణమున గ్రంథాలయములు చేసిన పని యొక్కటే: కొందరియొద్ద నున్న విద్యను అందరియొద్దకు చేర్చుట. యంత్రమును బాగుచేయు విద్యయు విద్యయే. బీరువాలోని పుస్తకము చినిగిన, గ్రంథపాలకుడు దానిని పారవేయడు. ఏ పుట ఊడినదో చూచి అంటించును. మూలనున్న కంప్యూటరునకు కూడ ఆపాటి ఓపిక చెల్లును. దానిపై "పాడైనది" అని వ్రాయుటకు ముందు "బేస్, నోరిస్టోర్" అని రెండు మాటలు వ్రాసి చూచిన, ఒక విద్యార్థిని దరఖాస్తు గడువులోపల చేరవచ్చును.